సుబ్బారావు భోజనం

ఆడమ్స్‌టౌన్,
సెప్టెంబరు 19

చి. సుధేష్ణకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఫోను ఉండగా కాగితం మీద ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. ఫోనులో ఏది అడిగినా "గ్రాండ్, అమ్మమ్మా" అంటావు. హాస్టలు ఎలా ఉంది? గ్రాండ్. జ్వరం తగ్గిందా? గ్రాండ్. కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైన దాన్ని. అన్ని గళ్ళలోనూ ఒకే అంకె వేసి తెస్తే ఆ పుస్తకం మీద నేను సంతకం పెట్టేదాన్ని కాదు. కాబట్టి ఇక ఉత్తరాలే. తెలుగులో. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా కాకినాడలో నా దగ్గరే అక్షరాలు దిద్దావు. మరిచిపోయానంటే ఒప్పుకోను.

నీ గదిలో పాము ఉందని మీ అమ్మ విమానాశ్రయం నుంచి వస్తూ కారులో చెప్పింది. గాజుపెట్టెలో ఉంటుంది, ఎవరి జోలికీ రాదు అంది. సరే అన్నాను. కానీ ఆ పాము భోజనం పెరటి షెడ్డులో కాపురాలు చేస్తోందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. చీపురు కోసం తలుపు తీశాను. ప్లాస్టిక్ డబ్బాలు, మూతలకి జల్లెడ కంతలు, లోపల తెల్లవీ మచ్చలవీ ఎలుకలు. ఒకటి వెనక్కాళ్ళ మీద లేచి నన్ను చూసింది. మొన్ననే వినాయకుడికి పత్రి పెట్టిన చేతులు ఇవి. అన్నగారి వాహనాన్ని తమ్ముడికి ఫలహారం పెట్టే ఇంటికి వచ్చానన్నమాట!

మీ అమ్మానాన్నలు పొద్దున్నే శాండీఫోర్డ్ ఆఫీసులకి వెళ్ళిపోతారు. నువ్వు కార్క్‌లో పశువైద్యం నర్సింగు చదువుతున్నావు. అంటే వీటికి నీళ్ళు, తిండి, శుభ్రం అన్నీ నా నెత్తిన పడ్డాయి. చేస్తాను. ఒక ప్రశ్నకి మాత్రం జవాబు రాయి. సొరుగులో లీజు కాగితం కనిపిస్తే చదివాను. యజమాని అనుమతి లేకుండా ఇంట్లో జంతువులు ఉండరాదని ఉంది. అనుమతి కాగితం ఎక్కడ? ఈ ఇల్లు దొరకడానికి ఏడాది పట్టిందని, చూడ్డానికి వచ్చినవాళ్ళ వరస వీధి మలుపు దాకా ఉందని మీ అమ్మ చెప్పింది. ఇది పోతే మళ్ళీ ఎక్కడా దొరకదని కూడా అంది.

నీ జవాబు కోసం కనిపెట్టుకుని ఉండే
అమ్మమ్మ లలితకుమారి


కార్క్,
సెప్టెంబరు 27

అమ్మమ్మకి,

నీ ఉత్తరం చూసి నా రూమ్మేట్ ఎవరైనా పోయారేమో అనుకుంది. ఇక్కడ స్టాంపు అంటించి ఉత్తరం రాసేది బ్యాంకు, లేకపోతే కోర్టు.

షెడ్డు సంగతి ముందే చెప్పనందుకు సారీ. చెబితే నువ్వు టికెట్ క్యాన్సిల్ చేసుకుంటావని అమ్మ భయపడింది. పాము పేరు సుబ్బారావు. నాన్నే పెట్టాడు. నిజంగా సుబ్బారాయుడే కదా! ఆ జోకు ఆఫీసులో ఐరిష్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక లంచ్ టైమంతా పట్టిందట, తీరా ఎవరూ నవ్వలేదట.

వాడు షాపులో దొరికే ఐసు ఎళుకలు ముట్టుకోడు. వేడినీళ్ళలో పెట్టి కరిగించినా, మూతి దగ్గర ఆడించినా తల తిప్పేసుకుంటాడు. ఒకసారి అలా పస్తుండి సగమైపోయాడు. అందుకే ఇంట్లోనే ఎళుకలు పెంచుతున్నాం. తినిపించే పని నీకు లేదు, ఆదివారం పొద్దున్న నాన్న షెడ్డులోకి వెళ్ళి చూసుకుంటాడు. నువ్వు చేయాల్సిందల్లా నీళ్ళ సీసా, గింజలు, రంపప్పొట్టు మార్చడం. ఒకటి మాత్రం మరిచిపోకు. ఈనిన డబ్బాని కొన్నాళ్ళు కదిలించకూడదు, గూడు విప్పి చూడకూడదు.

అనుమతి ఉందిలే. ఏజెంటుకి నేనే ఫోన్ చేసి అడిగాను. "యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. నాన్నకి కూడా చెప్పాను. వర్రీ కాకు.

సుబ్బారావుని అడిగానని చెప్పు.

నీ మనవరాలు
సుధేష్ణ


ఆడమ్స్‌టౌన్,
అక్టోబరు 14

చి. సుధేష్ణకు,

"ఎళుకలు" కాదు, "ఎలుకలు". మిగతా ఉత్తరం బాగుంది.

నువ్వు వద్దన్న పని చేశాను. మచ్చల ఎలుక ఈనింది. ఎన్ని పిల్లలో పుస్తకంలో రాసుకుందామని కళ్ళజోడు పెట్టుకుని గూడు విప్పాను. మరునాడు సరిచూసుకోవాలని మళ్ళీ విప్పాను. తల్లి నా వేళ్ళ వంక చూస్తూ గిరగిరా తిరిగింది. ఆ సాయంత్రానికి గూడులో ఒక్క పిల్లా లేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. తల్లే తినేసింది.

నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. మన ఇళ్ళలో పురిటిగదిలోకి పరాయివాళ్ళని రానివ్వరు, పసివాళ్ళని లెక్కపెట్టనివ్వరు. ఇవన్నీ చాదస్తాలని పాఠాల మధ్యలో వెక్కిరించిన దాన్ని. ఇప్పుడు ఈనబోయే డబ్బాల మీద నా పాత చీర ముక్కలు కప్పాను. మీ నాన్న చూసి, "ఏంటత్తయ్యగారూ, వీటికి కూడా పురుళ్ళు పోస్తున్నారా?" అన్నాడు. "నవ్వకు అల్లుడూ, పక్క డబ్బాది కూడా కడుపుతో ఉంది" అన్నాను.

అసలు సంగతి ఇది. మొన్న ఏజెంటు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం, అంటే పాతికో తారీఖున, ఇల్లు తనిఖీ చేయడానికి వస్తాడట. మీ నాన్న, "మనకేం అత్తయ్యగారూ, సుధేష్ణ అడిగేసింది కదా" అని ఈల వేసుకుంటూ వెళ్ళాడు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. గది నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి గదికి తిరుగుతున్నాను. "యూ ఆర్ గ్రాండ్" అన్నది అనుమతి ఎలా అయింది? నువ్వు అడిగిన మాట, అతను చెప్పిన మాట, రెండూ ఉన్నవున్నట్టు రాయి.

అమ్మమ్మ


కార్క్,
అక్టోబరు 18

అమ్మమ్మా,

ఉన్నవున్నట్టు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. "నా దగ్గర చిన్న పెంపుడు జంతువు ఉంది, వివరాలు పంపించనా?" అని అడిగాను. "ఆ, నో నో, యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. వెనకాల ఇంకో ఫోన్ మోగుతోంది.

ఇక్కడ ఆ మాటకి "బాగుంది" అని ఒక అర్థం, "అక్కర్లేదు" అని ఇంకో అర్థం. టీ కావాలా అంటే "ఐ యామ్ గ్రాండ్" అంటారు, అంటే వద్దని. అతను వివరాలు అక్కర్లేదన్నాడు. ఉంచుకోమని అనలేదు. పాము అని నేను చెప్పలేదు, ఎలుకల ఊసే ఎత్తలేదు. పదేళ్ళుగా ఇక్కడ ఉన్నదాన్ని, నాకా తేడా తెలీదా? తెలుసు. నాన్నకి మాత్రం మొదటి అర్థమే చెప్పాను. నాన్న నమ్మాడు.

ప్లీజ్ అమ్మమ్మా, ఆ ఒక్క రోజుకి సుబ్బారావుని దాచెయ్. మెట్ల పైన వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమర, అదే హాట్ ప్రెస్, అందులో దుప్పట్ల వెనకాల దిండుగలీబులో పెడితే వెచ్చగా పడుకుంటాడు. షెడ్డు తాళం పోయిందని చెప్పు. నువ్వు చెబితే ఎవరైనా నమ్ముతారు. అమ్మానాన్నలకి చెప్పకు. కోర్సు మొదలవగానే ఇంటికి ఇలాంటి కబురు పంపలేను.

సుధేష్ణ


ఆడమ్స్‌టౌన్,
అక్టోబరు 21

సుధేష్ణకు,

నేను చెబితే ఎవరైనా నమ్ముతారని రాశావు. అందుకే చెప్పను.

దాచను. తాళం పోయిందనను. మీ అమ్మానాన్నలకి కూడా నా నోటితో చెప్పను, ఎందుకంటే అది నీ నోటితో చెప్పాల్సిన మాట. గురువారం సాయంత్రం లోపల మీ నాన్నకి ఫోను చెయ్యి. అతనికి తెలిస్తే ఏజెంటుతో ముందే మాట్లాడుకుంటాడు, దారి వెతుక్కుంటాడు. పోయేది నీ పాము ఒక్కటే కాదు, నలుగురు తలదాచుకునే ఇల్లు.

శుక్రవారం ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. అతను అడిగితే ఉన్నది చెబుతాను.

అమ్మమ్మ


ఆడమ్స్‌టౌన్,
అక్టోబరు 26

సుధేష్ణకు,

గురువారం నువ్వు ఫోను చేయలేదు. ఫోను మోగినప్పుడల్లా వంటింట్లోంచి హాల్లోకి వచ్చాను. కరెంటు కంపెనీ వాళ్ళు చేశారు, మీ నాన్న స్నేహితుడు బాలశౌరి చేశాడు, నువ్వు చేయలేదు. నా మాట నేను తప్పకూడదని మీ నాన్నకి చెప్పలేదు. ఆ పూట భోజనాల దగ్గర అతను జోకులు వేస్తుంటే పెరుగన్నం దాకా ఉండకుండా లేచిపోయాను.

ఏజెంటు వచ్చాడు. మీ క్లాసు పిల్లాడిలా ఉన్నాడు, కోటు మాత్రం పెద్దది. కాఫీ పెట్టనా అంటే "ఐ యామ్ గ్రాండ్" అన్నాడు. ఇప్పుడు అర్థం తెలుసు కనుక పెట్టలేదు. కింద గదులు చూశాడు, కుళాయిలు తిప్పాడు, పైకెళ్ళి హాట్ ప్రెస్ తెరిచి దుప్పట్లు కూడా ఎత్తి చూశాడు. నీ గది తలుపు ముందు నిలబడి, "ఇంకేమైనా నాకు చెప్పాల్సినవి ఉన్నాయా? లీకులు, బూజు అలాంటివి?" అన్నాడు.

"లీకులు లేవు. పాము ఉంది" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. తలుపు తీశాను. సుబ్బారావు అద్దానికి గడ్డం ఆనించి చూస్తున్నాడు. ఆ అబ్బాయి గుమ్మం దాటలేదు.

"ఎవరిచ్చారు పర్మిషను?"

"మీరే ఇచ్చారని మావాళ్ళు అనుకుంటున్నారు. నా మనవరాలు ఫోను చేసి వివరాలు పంపనా అంటే యూ ఆర్ గ్రాండ్ అన్నారట. మీరు ఏ అర్థంలో అన్నారో నాకు తెలుసు. పిల్ల ఏ అర్థం తీసుకుందో కూడా తెలుసు. తప్పు పిల్లది. కానీ ఏ జంతువు అని మీరూ అడగలేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అది... అందరితోనూ అనే మాటండీ" అన్నాడు.

"అందుకే జాగ్రత్తగా అనాలి. పదండి, పెరట్లో ఇంకా ఉన్నాయి."

షెడ్డు చూశాక అతను తన దేవుణ్ణి తలుచుకున్నాడు. పాము సంగతైతే ఓనర్ని బతిమాలవచ్చునేమో గానీ, గోడలు కలిసిన ఇళ్ళ వరసలో ఎలుకలు పెంచుతున్నారంటే పక్కవాళ్ళు ఊరుకోరట. ఫోనులో యజమానురాలితో మాట్లాడి వచ్చి చెప్పాడు. వారం లోపల జంతువులన్నీ వెళ్ళిపోతే లీజు కొనసాగుతుంది. ఒక్కటి మిగిలినా ఇల్లు ఖాళీ చేయమని నోటీసు.

సాయంత్రం మీ నాన్నకి చెప్పాను. చాలాసేపు బూట్లు విప్పకుండా మెట్టు మీద కూర్చున్నాడు. "ప్రతి ఆదివారం ఆ షెడ్డులోకి వెళ్ళి నా చేతులతో వాటిని చంపాను అత్తయ్యగారూ. చంపి, కడుక్కుని, టిఫిను తినలేకపోయేవాణ్ణి. పిల్ల కోసమే కదా అనుకున్నాను. అదేమో నాకు అబద్ధం చెప్పింది" అన్నాడు. మీ అమ్మ నా మీద విరుచుకుపడింది. "నీకు ముందే తెలుసా? తెలిసి ఊరుకున్నావా? నీ పద్ధతులు నీకే ముద్దు. మేం రోడ్డున పడితే ఆ పద్ధతులు కప్పుకుని పడుకుంటామా?" అంది. ఆమె కోపంలో న్యాయం ఉంది.

నువ్వు రాయి.

అమ్మమ్మ


కార్క్,
అక్టోబరు 30

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే జరిగింది. సంతోషమా?

లీకులు లేవు అని ఆపేస్తే అతను వెళ్ళిపోయేవాడు. అతను పాము ఉందా అని అడగలేదు. నువ్వే చెప్పావు.

వాణ్ణి నాకు ఎవరిచ్చారో తెలుసా? మేము లూకన్‌లో మొదటి అద్దె ఇంట్లో ఉన్నప్పుడు పక్కింటి ముసలాయన ఊరు మారిపోతూ ఇచ్చాడు. ఆ ఓనరు ఏమీ అనలేదు. అప్పుడు స్కూల్లో నాతో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. నేను ఇంగ్లీషు మాట్లాడితే నవ్వేవాళ్ళు. ఇంటికొచ్చి సుబ్బారావుతో తెలుగులో మాట్లాడేదాన్ని. పాములకి చెవులుండవు కదా, నా మాటకి నవ్వడు. నా తెలుగు మిగిలిందంటే నువ్వు దిద్దించినందువల్ల అనుకుంటున్నావు. కాదు.

నాన్న ఫోన్ ఎత్తట్లేదు. చాలాసార్లు చేశాను.

సుధేష్ణ


ఆడమ్స్‌టౌన్,
నవంబరు 4

చి. సుధేష్ణకు,

సంతోషమా అని అడిగావు. లేదు. నీ తెలుగు విషయంలో నేను అనుకున్నది పొరపాటు. ఒప్పుకుంటున్నాను. ఏజెంటుకి చెప్పిన విషయంలో మాత్రం ఒప్పుకోను.

అతను వెళ్ళాక వచ్చిన ఆదివారమే పక్క డబ్బాలో ఎలుక ఈనింది. చీర ముక్క ఎత్తి చూడలేదు. చిన్న చిన్న కూతలు వినిపించాయి, అంతే. వారం అయ్యేసరికి దాన్ని కదిలిస్తే మళ్ళీ ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందుకని ఏజెంటుకి ఫోను చేశాను. "మా వైపు బాలింతను ఇరవై ఒక్క రోజుల దాకా ఇల్లు కదపరు. గడువు కావాలి" అన్నాను.

"ఎవరికండీ?"

"ఎలుకకి."

యజమానురాలిని అడిగి చెబుతానన్నాడు. ఆమె మేయోలో గొర్రెలు పెంచుతుందట. ఈనిన దాన్ని కదిలించకూడదని ఒకరు చెప్పాలా, ఇరవై రెండో రోజున మాత్రం అన్నీ ఖాళీ కావాలి అన్నదట. ఆ రోజు ఆదివారం పడింది, పదిహేడో తారీఖు.

మీ అమ్మ మొదటిసారి నవ్వింది. నేను నవ్వలేకపోతున్నాను. పాలు విడిచిన పిల్లలు సుబ్బారావు నోటికి సరిగ్గా సరిపోతాయి. కాపలా కాసి పెంచుతున్నది దేనికో తెలిసీ చీర ముక్క సర్దుతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే షెడ్డు వైపే నడుస్తాను. నీ గదిలోకి వెళ్ళి వాడితో రెండు మాటలు మాట్లాడి వస్తున్నాను. నవ్వడన్న మాట నిజమే.

సిటీవెస్ట్ బాలశౌరి ఒకరిని కనుక్కున్నాడు. నేస్‌లో రిటైరైన పోస్ట్‌మ్యాన్, చిన్నప్పటి నుంచీ పాములు పెంచుతున్నాడట. ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆయన ఎలుకలు పెంచడు, ఐసువే పెడతాడు. ఐసు ఎలుకలు తినే పామైతేనే తీసుకుంటానన్నాడు. "తింటాడని చెప్పేద్దాం అత్తయ్యగారూ, ఒకసారి ఇంట్లోకి వెళ్ళాక ఆయన తంటాలు ఆయన పడతాడు" అని బాలశౌరి అంటున్నాడు. మీ నాన్న అవుననలేదు, కాదనలేదు.

పాము నీది. ఆ ఆదివారం నువ్వు వచ్చి నీ చేతులతో అప్పగించు. ఆయన అడిగేది నిన్ను. ఏం చెప్పాలో ఈసారి నేను రాయను.

షెడ్డులో చలిగా ఉంది. స్వెటరు తెచ్చుకో.

అమ్మమ్మ


కార్క్,
నవంబరు 18

అమ్మమ్మకి,

నువ్వు గుమ్మంలోనే ఆగిపోయావు కాబట్టి తరవాత జరిగింది రాస్తున్నాను. నాన్న వంటింట్లోంచి బయటికి రాలేదు, అది నువ్వూ చూశావు.

కారులో సుబ్బారావు సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఎలుకల డబ్బాలు డిక్కీలో. వాటిని తరవాత ఏం చేయాలో ఎవరికీ తెలీదు. దారంతా బాలశౌరి అంకుల్ నాకు పాఠం చెప్పాడు. "చూడమ్మా, ఐసువి తింటాడా అంటే ఎస్ అను. ఒక్క మాట. మీ నాన్న ఇల్లు ఆ మాట మీద ఉంది. దేవుడు క్షమిస్తాడు, నేను ప్రేయర్ చేస్తాలే." నేను ఊఁ కొట్టాను. నిజం చెబుతున్నాను, ఎస్ అనాలనే అనుకున్నాను.

నేస్ పోస్ట్‌మ్యాన్ చాలా పొడుగు మనిషి. చెప్పులు వేసుకుని గేటు దాకా వచ్చాడు. నేను సంచి ఇవ్వగానే రెండు చేతులతో పట్టుకుని బరువు చూశాడు. అంకుల్ అప్పుడే కారు స్టార్ట్ చేసి ఉంచాడు. "మంచి బరువున్నాడు. ఐసువి తింటాడు కదా?" అని ఆయన అడిగాడు.

అమ్మమ్మా, సంచిలో వాడు మెల్లగా చుట్ట తిరుగుతున్నాడు. ఎస్ అంటే వాడు ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా పస్తులుంటాడు. కరిగించి పెడతారు, తల తిప్పేసుకుంటాడు, ఆయన రేపు తింటాడులే అనుకుంటాడు. నో అంటే ఇంటికి తీసుకెళ్ళాలి, రేపే నోటీసు.

"తినడు" అన్నాను. "ఎప్పుడూ తినలేదు. చాలాసార్లు చూశాం."

అంకుల్ ఇంజను ఆపేశాడు. కారులోంచి తెలుగులో, "అయ్యో తల్లీ!" అన్నాడు.

ఆయన సంచి వెనక్కి ఇవ్వలేదు. పుచ్చుకున్నాననీ అనలేదు. అలాగే నిలబడి, ఏం పెడుతున్నారని అడిగాడు. అప్పుడు అన్నీ చెప్పాను. డిక్కీ తెరిచి డబ్బాలు చూపించాను. నీ చీర ముక్క చూసి అదేంటని అడిగాడు. పురుడు గురించి చెప్పడానికి నాకు ఇంగ్లీషులో మాట దొరకలేదు. తల్లి దగ్గరికి ఎవరూ వెళ్ళకుండా మా అమ్మమ్మ కట్టిన కర్టెన్ అన్నాను. ఆయన వంగి దాని అంచు సర్దాడు. "ఈ వయసులో నన్ను ఎలుకలు పెంచమంటున్నావు" అన్నాడు. "మా ఆవిడ నన్ను చంపుతుంది. లోపలికి పట్టుకురా. అంతా దగ్గరుండి చూపించి వెళ్ళు" అన్నాడు.

సాయంత్రం దాకా ఉన్నాను. గింజలు, పొట్టు, వాసన రాకుండా ఏం చేయాలో అన్నీ చూపించాను. ఆదివారం పని ఎలా చేయాలో కూడా. నాన్న చేస్తుంటే నేనెప్పుడూ చూడలేదు. కాలేజీలో నేర్పారు, ఇంతవరకూ చేయలేదు. నిన్న చేశాను. బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. సుబ్బారావు కొత్త పెట్టెలో తిన్నాడు.

రైలు తప్పిపోయింది. అంకుల్ బస్టాపులో దింపి వెళ్ళిపోయాడు. బస్సుకి ఇంకా టైముంది. నాన్నకి ఫోన్ చేశాను. ఎత్తాడు. ఏజెంటుకి అన్న మాట, నాన్నకి చెప్పిన మాట, నేస్ గేటు దగ్గర చెప్పిన మాట, లోపల నా చేతులతో చేసిన పని, అన్నీ ఆపకుండా చెప్పాను. నాన్న తిట్టాడు. చాలా తిట్టాడు, ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చాడు. ఆ తరవాత తిట్లు అయిపోయాయి. రాత్రికి ఏం తింటావని అడిగాడు. బ్రెడ్ ఉందన్నాను.

నాన్న ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. బస్సు వచ్చేదాకా అలాగే ఉన్నాం.

నీ
సుధేష్ణ